సరిహద్దు రైతుకు ఉమ్మడి ఏర్పాటు కావాలి
(సరిహద్దు గ్రామాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



భద్రాచలం తెలంగాణలో ఉంది. ఊరు దాటితే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. ఈ ప్రాంతమంతా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఆ తర్వాత ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు కోసమని చట్టం సవరించి, భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని వదిలేసి మండలంలో మిగతా ఊళ్లన్నిటినీ ఆంధ్రలో కలిపారు. 2022లో ఎటపాకను అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. దాంతో పక్కనున్న భద్రాచలం పరాయిదైంది, కొండల అవతలి పాడేరు అప్పట్లో జిల్లా కేంద్రమైంది. అటు భద్రాచలానికి చుట్టూ జాగా లేక చెత్త పోసుకునే చోటు కూడా కరువైంది.

రైతుకొచ్చిన చిక్కులు చూడండి.

మొదటిది అమ్మకం. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. గట్టు ఇవతల పండిన అవే వడ్లకు ఆ బోనస్ లేదు. దగ్గరి మార్కెట్‌కు తోలుకుపోదామంటే చెక్‌పోస్టు అడ్డం.

రెండోది వరద. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. నీళ్లు రెండు వైపులా ముంచాయి. నష్టం మాత్రం ఎవరి రాష్ట్రం వాళ్లే రాస్తారు. ఇల్లు అటు, కౌలు పొలం ఇటు ఉన్నవాడి పేరు ఏ జాబితాలోకి ఎక్కాలి?

ఈ ఊళ్లు ఎటు ఉండాలన్నది వేరే చర్చ. దాన్ని తేల్చేది పార్లమెంటు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సరిహద్దు మార్చడానికి గ్రామసభ సమ్మతి అక్కర్లేదు. అయినా గీత ఎటు జరిపినా దాని పక్కన మరో ఊరు ఉంటుంది. అందుకే గీత మారేదాకా ఆగలేం. ఇప్పుడే అడగాల్సినవి నాలుగు:

1. వానాకాలానికి ముందు, కోతలకు ముందు రెండు వైపుల కలెక్టర్లు రైతు సంఘాలతో కలిసి కూర్చోవాలి.

2. పాస్‌బుక్కో, కౌలు పత్రమో చూపిస్తే దగ్గరి కేంద్రంలో వడ్లు కొనాలి. లెక్క ప్రభుత్వాలు తేల్చుకోవాలి.

3. పంట నష్టం రెండు రాష్ట్రాల సిబ్బంది కలిసి రాయాలి. పొలం ఎక్కడుంటే అక్కడే సాగుదారుకు సాయం అందాలి.

4. ఈ ఏర్పాట్లు ముందుగా గ్రామసభల్లో చదివి వినిపించాలి.

ఈ నాలుగింటికీ సరిహద్దు మార్చక్కర్లేదు. రెండు ప్రభుత్వాలు ఒక ఒప్పందం రాసుకుంటే చాలు. ప్రతి గ్రామసభలో తీర్మానం చేయించి, ఇద్దరు కలెక్టర్లకూ ఒకే రోజు ఇద్దాం. రెండు జెండాల కింద ఉన్నా మన అర్జీ ఒక్కటే కావాలి.