కొత్త వీణ మీద తొందరపడి తీర్పు చెప్పకండి



కొత్త ఇనప పెనం మీద మొదటి అట్టు ఎవరికీ సరిగ్గా రాదు. అంటుకుంటుంది, చిరుగుతుంది. అంతమాత్రాన పెనాన్ని అవతల పారెయ్యం. అట్టు పోసిన పిల్లను చేతకానిదనీ అనం. నాలుగు రోజులు నూనె రాసి, సెగ చూసుకుని, దాని తత్వం తెలుసుకుంటాం. పెనం దగ్గర మనకున్న ఈ ఓర్పు వీణ దగ్గర ఎందుకనో ఉండదు. వేలకు వేలు పోసి అమ్మాయికి వీణ కొంటాం. నెల తిరక్కుండానే "దీని నాదం బాగాలేదు" అనో, "మా పిల్లకు సంగీతం అబ్బదు" అనో ఒక మాట అనేస్తాం. ఆ మాటతో వీణ ముసుగు వేసుకుని మూల చేరుతుంది, పిల్ల మనసు కూడా మూల చేరుతుంది. అసలు లోపం పిల్ల చెవిలో ఉందా, వేళ్ళలో ఉందా, వీణ అమరికలో ఉందా అని చూసేవాళ్ళు తక్కువ. చూడటం అంత కష్టమైన పనేమీ కాదు. సంగీతం రాని తల్లి కూడా చూడవచ్చు.

మన గోదావరి సీమకు వీణ కొత్తది కాదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ మోగింది. ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని నడిపిన ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యులు చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో పుట్టారు. అయితే వీణ తయారీకి పేరుపడ్డ ఊళ్ళు వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి, నూజివీడు, ఇంకా దూరం వెళితే తంజావూరు. పనస కర్రతో చేస్తారు. కుండ, దండి ఒకే దుంగలో తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి గాలికి అలవాటుపడిన కర్ర మన ఇంటికొచ్చి, కాలవల మధ్య మన తేమగాలికి అలవాటుపడాలి. దానికి కొంత వ్యవధి ఇవ్వాలి కదండీ!

ముందు తీగల సంగతి. వీణకు తీగలు ఏడు. మెట్ల మీద వాయించేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మీటేవి మూడు. కొత్త తీగ మొదటి రోజుల్లో సాగుతూనే ఉంటుంది. పొద్దున్న శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతుంది. అది వీణ లోపం కాదు. రోజూ శ్రుతి చేస్తూ ఉంటే తీగ తనంతట తానే స్థిరపడుతుంది. చాలా వీణలు రెండున్నర, మూడు శ్రుతుల దగ్గర హాయిగా పలుకుతాయి. పిల్ల గొంతు హెచ్చుశ్రుతి అని వీణను కూడా అంత పైకి లాగితే తీగ తెగుతుంది. బిరడ జారుతూ ఉంటే కాస్త సుద్దపొడి రాస్తే పట్టు దొరుకుతుంది. చిన్న చిన్న తేడాలకు బిరడ తిప్పనక్కరలేదు. అవతలి చివర తీగలకుండే లంగర్లను కొంచెం జరిపితే చాలు.

ఇక మెట్లు. గిటారు చూశారు కదా, దాని మెట్లు చెక్కలోకి దిగగొట్టి ఉంటాయి. కదలవు. మన వీణకు 24 మెట్లు మైనం మీద నిలబడతాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, మెత్తగా ఉండగానే ఒక్కొక్క మెట్టును చెవితో విని నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. పూర్వం రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునేవారట. ఈ 24 మెట్ల పద్ధతి 1600 నుంచి 1634 వరకు తంజావూరును ఏలిన రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని చెబుతారు.

మైనం మీద ఉన్నవి కనుక మెట్లు కదలవచ్చు. అందుకని మేళాన్ని పరీక్షించాలి. సారణి తీగను ఊరికే ఒకసారి మీటండి. తర్వాత 12వ మెట్టు మీద నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో వినిపించాలి. ఎందుకంటే ఆ మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగమవుతుంది. గిటారుకైనా ఇదే లెక్క. ఆ తర్వాత పంచమం తీగను 5వ మెట్టు మీద నొక్కి మీటితే, నొక్కకుండా మీటిన సారణితో అది కలిసిపోవాలి. మంద్రం తీగను 7వ మెట్టు మీద నొక్కితే పంచమం తీగతో కలవాలి. తీగలు శ్రుతిలో ఉండి కూడా ఈ జతలు కలవకపోతే మేళం మీద అనుమానపడాలి. అప్పుడు పిల్ల ఎంత సాధన చేసినా అపస్వరమే వస్తుంది. పైగా రోజూ వినే ఆ తప్పు స్వరమే చెవిలో నాటుకుంటుంది. దానికి పిల్లను కసిరి ఏం లాభం?

మూడోది తీగల ఎత్తు. మెట్లకూ తీగకూ మధ్య సందు మరీ ఎక్కువుంటే పిల్ల వేళ్ళు కోసుకుపోతాయి. గట్టిగా నొక్కడం వల్ల స్వరం కూడా కాస్త పైకి పోతుంది. గమకం కోసం తీగను లాగడమూ కష్టమే. సందు మరీ తక్కువైతే తీగ ముందరి మెట్లకు తగిలి జరజరమంటుంది. ఒక కాగితం దగ్గర పెట్టుకుని, 24 మెట్లూ ఒక్కొక్కటే నిదానంగా మీటించి, ఎక్కడ జర వినిపిస్తే ఆ అంకె రాసుకోండి. పనివారికి "బాగా మోగటం లేదు" అని చెబితే ఆయనకు ఏమీ తెలియదు. "9వ మెట్టు దగ్గర జర వస్తోంది" అంటే చప్పున అందుకుంటారు.

నాలుగోది గుర్రం. కుండ మీద తీగలు ఆనే చెక్కనే గుర్రం అంటాం. దాని పైన లోహపు రేకు ఉంటుంది. ఆ రేకు వంపు సరిగా ఉంటే మీటిన నాదం చాలాసేపు నిలిచి, మెల్లగా సన్నబడుతుంది. వంపు కుదరకపోతే నాదం మొద్దుగా పడి ఆగిపోతుంది. ఇది మాత్రం ఇంట్లో ఆకురాయి పట్టి చేసే పని కాదు. తెలిసిన పనివారే చేయాలి. కొనేటప్పుడు కూడా వీణను మైకు లేకుండా విడిగా వినండి. మైకులో అన్ని వీణలూ గొప్పగానే ఉంటాయి.

మన ఋతువుల మాట కూడా చెప్పాలి. రాజమండ్రి రోహిణీ కార్తె ఎండలు మీకు తెలియనివి కావు. ఆ వేడికి మైనం మెత్తబడుతుంది. మూసిన కారులో, ఎండపడే కిటికీ పక్కన వీణ ఉంచితే మెట్లు పక్కకు ఒరుగుతాయి. వానాకాలం చెమ్మకు కర్ర ఉబ్బి బిరడలు బిగుస్తాయి, ఉక్కు తీగలు తుప్పుపడతాయి. కాబట్టి వంటింటి ఆవిరికీ, తడిగోడకూ దూరంగా, నూలు బట్ట కప్పి ఉంచండి. ప్లాస్టిక్ కవరు చుట్టి చెమ్మను లోపలే బంధించవద్దు. వేలు జారడానికి కొబ్బరినూనె రాసుకోవడం మన అలవాటు. మంచిదే. వాయించడం అయ్యాక తీగలను, మెట్లను పొడిబట్టతో తుడిస్తే నల్లటి మడ్డి పట్టదు.

వాయించిన కొద్దీ వీణ గొంతు విప్పుతుందని విద్వాంసులంటారు. కర్ర మాట ఎలా ఉన్నా, మొదటి నెలల్లో తీగలు నిలకడకు వస్తాయి, బిరడలు కన్నాల్లో కుదురుకుంటాయి, గుర్రానికి దగ్గరగా మీటితే ఎలా పలుకుతుందో, ఎడంగా మీటితే ఎలా పలుకుతుందో పిల్ల చేతికి తెలుస్తుంది. అందుకే ఒక్క ఏడాది గడువు పెట్టండి. ఒక వేసవి, ఒక వానాకాలం దాటాక మేళం మళ్ళీ ఒకసారి పనివారికి చూపించండి. అప్పటికి గాని ఆ వీణ గురించి గానీ, ఆ పిల్ల గురించి గానీ మాట అనే హక్కు మనకు రాదు.

ఇంకొక్క మాట. పెళ్ళికి ముందు నేర్చుకుని, సంసారంలో పడి వీణను అటక మీదికి చేర్చిన వాళ్ళు మనలో ఎంతమందో! దాన్ని ఒకసారి కిందికి దించి చూడండి. మేళం సడలి ఉంటుంది, తీగలు తుప్పుపట్టి ఉంటాయి. అవి కొత్తవి వేయించుకోవచ్చు, మేళం మళ్ళీ కట్టించుకోవచ్చు. పనస కర్ర మాత్రం అలాగే ఉంటుంది. మీ వేళ్ళకు తెలిసిన సరళీ స్వరాలూ ఎక్కడికీ పోయి ఉండవు.