జవాబు చెప్పకపోవుడు నేరం కాదు



ఇయ్యాల మన గూడేలల్ల ఎవ్వరం మాట్లాడని సంగతి ఒకటి చెప్తా.

మా చిన్నబాపు కొడుక్కు గోండి తప్ప వేరే భాష రాదు. కండ్లల్ల కండ్లు పెట్టి చూడడు. గట్టిగ అరిస్తే చెవులు మూసుకుంటడు. అడిగిన మాటనే తిరిగి అంటడు. దీన్నే డాక్టర్లు ఆటిజం అంటరు. మేము "వాడు గంతే" అని ఊకున్నం. పోడు లొల్లిల అందరితో పాటు వాణ్ణి కూడా జీపు ఎక్కించిండ్రు. "చెట్లు నువ్వే నరికినవా?" అని తెలుగుల అడిగిండ్రు. వాడు "నువ్వే నరికినవా" అన్నడు. ఎదురు మాట్లాడుతుండని కొట్టిండ్రు. తెల్లారి ఇంటికొచ్చిండు. ఇప్పటికీ జీపు చప్పుడైతే మంచం కిందికి పోతడు. దెబ్బలు మానినయ్, భయం మానలే.

ఇది మన ఒక్క గూడెం కథ కాదు. అస్సాంల మచల్ లాలుంగ్ అనే తివా ఆదివాసీని 1951ల పట్టుకపోయిండ్రు. మానసిక సమస్య ఉందని తేజ్‌పూర్ ఆస్పత్రికి పంపిండ్రు. నయమైందని 1967లనే డాక్టర్లు చెప్పినా ఇంటికి పంపలే. విచారణే లేకుండ 54 ఏండ్లు గడిచినంక, 2005ల ఒక్క రూపాయి పూచీకత్తు మీద విడిచిపెట్టిండ్రు. అడిగేటోళ్లు లేకపోతే మనిషి ఫైలు కింద పడిపోతడు.

చట్టం మాత్రం మన దిక్కే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఆటిజం, మేధో వైకల్యం రెండూ ఉన్నయి. వాళ్లు కోర్టుల తమకు నచ్చిన భాషల, తమకు వచ్చిన తీరుల సాక్ష్యం చెప్పేటందుకు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని అందులో 12వ సెక్షన్ చెప్తది. అంటే గోండిల, కొలామిల అడగొచ్చు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్టీలకు, వికలాంగులకు ఉచిత వకీలు హక్కు.

అందుకే మూడు పనులు చేద్దాం. గూడెంల ఇట్లాంటి పిల్లలుంటే సదరం క్యాంపుకు తీస్కపోయి సర్టిఫికెట్ తీసుకుందాం. ఎవరినన్న పట్టుకపోతే ఒకరం వెంట పోయి, వాళ్ల పరిస్థితి కాగితం మీద రాసిచ్చి, 15100కు ఫోన్ చేద్దాం. ఇంటికొచ్చినంక "మర్చిపోరా" అనకుండ పక్కన కూసుందాం. నిద్ర పట్టకపోతే టెలి మానస్ 14416 ఉంది, తెలుగుల మాట్లాడుతరు.

మా తమ్ముని కోసం ఆ రోజు ఎవ్వరం పోలే. రేపు ఇంకో తమ్ముడు ఒంటరిగ జీపు ఎక్కొద్దు.

జై ఆదివాసీ!