దూరపు యుద్ధాలు నునుపు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యుద్ధాలు, అణు బెదిరింపులు ప్రజాభిప్రాయాన్ని ఎలా మలుస్తాయో నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును, రాజనీతి నా సబ్జెక్టు కాదు. పైగా సరిహద్దుకు ఇంత దూరాన, కొల్లేటి పక్కన ఉన్న ముదినేపల్లికి ఈ సంగతితో పనేమిటి అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. దానికి జవాబు మన చెరువు గట్టు మీదే ఉంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. మూడు రోజులకే పుతిన్ తన అణు దళాలను అప్రమత్తం చేశారు. మొదట మనకది టీవీ వార్త. తర్వాత అక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులకు నిద్ర కరువైంది. ఆపరేషన్ గంగ పేరుతో ప్రభుత్వం విద్యార్థులను వెనక్కి తెచ్చింది. పొద్దుతిరుగుడు నూనె ధర రూపంలో యుద్ధం వంటింట్లోకి వచ్చింది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద వేసిన అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం, రష్యా చమురు కొంటున్నామని వేసిందే. ఆ భారం అమెరికాకు వెళ్లే మన రొయ్య మీదా పడింది. ఎక్కడి ఉక్రెయిన్, ఎక్కడి కైకలూరు!

దూరపు కొండలు నునుపు అంటారు. యుద్ధాలూ అంతే. దూరాన ఉంటే చప్పట్లు కొడతాం, దగ్గరికొస్తే ప్రశ్నలు వేస్తాం.

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో ఐదు అణు పరీక్షలు జరిగాయి. చాలాచోట్ల మిఠాయిలు పంచుకున్నారు. అదే నెల 28న పాకిస్తాన్ కూడా చాగై కొండల్లో పరీక్షలు చేసింది. నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్ ఎన్నికలు వచ్చేసరికి జనం నోట ఉన్నది ఉల్లిపాయ ధర. పరీక్షలు జరిపించిన పార్టీయే ఆ రెండు రాష్ట్రాల్లో అధికారం పోగొట్టుకుంది.

మన తీరం సంగతే చూడండి. 2009 జూలై 26న విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసినప్పుడు అందరం గర్వపడ్డాం. దాన్ని నడిపేదీ రియాక్టరే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామన్నప్పుడు మాత్రం అక్కడి రైతులు, మత్స్యకారులు భూమి సంగతేమిటి, వేట సంగతేమిటి, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అని అడిగారు. వారితో ఏకీభవించకపోవచ్చు గానీ, అవి అడగవలసిన ప్రశ్నలే. గర్వపడడం తప్పు కాదు. గర్వపడుతున్నప్పుడు కూడా అడగడం మానకూడదని నా మనవి.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ రోజే విశాఖలో, హైదరాబాదులో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ జరిపారు. ఆ పోరులో మన సత్యసాయి జిల్లా జవాను మురళీ నాయక్ నేలకొరిగారు. ఒక పక్క ఇలా ప్రాణాలు పోతుంటే, మరో పక్క కొన్ని ఛానెళ్లు కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయిందని చెప్పాయి. అది అబద్ధం. వీడియో గేముల బొమ్మలు, వేరే దేశాల పాత వీడియోలు యుద్ధ దృశ్యాలుగా ఫోన్లలో తిరిగాయి. మే 10న కాల్పుల విరమణ కుదిరింది. ఆ కబురు దేశానికి చెప్పిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, ఆయన కుటుంబాన్ని సోషల్ మీడియాలో నానా మాటలూ అన్నారు. ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవలసి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. అణు బెదిరింపులకు లొంగేది లేదని మే 12న ప్రధాని చెప్పారు. లొంగకూడదు కూడా. అణ్వాయుధాలను ముందుగా ప్రయోగించబోమన్నది 2003లో మన ప్రభుత్వం ప్రకటించిన విధానం. ధైర్యం, నిగ్రహం రెండూ కావాలన్నమాట. ఏ బాయిలరుకైనా సేఫ్టీ వాల్వు ఉంటుంది. దాన్ని బిగించేసి, ఎంత గట్టి బాయిలరో చూడండి అని ఎవరూ గొప్పలు చెప్పుకోరు. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య ఆ వాల్వు, ఎక్కడ ఆగాలో తెలియడం. ఆగుదామన్న వాణ్ణల్లా ద్రోహి అనే ప్రజాభిప్రాయం తయారైతే, రేపు ఆగాలనుకున్న ఏ ప్రభుత్వానికీ దారి ఉండదు.

రొయ్యల చెరువులో తేడా కనిపిస్తే, తెలివైన రైతు ఎవరో చెప్పారని మందు చల్లడు. ముందు నీళ్లు ల్యాబుకు పంపుతాడు. ఆ అలవాటే వార్తల విషయంలోనూ మన పిల్లలకు రావాలి. ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. పదో తరగతికి నెలకొక పీరియడు కేటాయించండి. ఫోన్లో వచ్చిన ఒక వార్తో వీడియోనో తీసుకుని, ఇది ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఎక్కడిది అని పిల్లల చేతే తేల్పించండి. అందుకు కావలసిన కంప్యూటరు, ఇంటర్నెట్ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

మనల్ని ప్రశ్నలు అడగనిచ్చిన గురువులు ఈ వేదిక మీదే ఉన్నారు. వారి రుణం కొంతైనా ఇలా తీరుతుందని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.