కోళ్ళగూటికి గాలి, వెలుతురు

(ఒక గ్రామ మహిళా సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పాడిపశువునకు కొట్టము వేయునపుడు మనము పెద్దలను సంప్రదింతుము, గాలివాటమును చూతుము, వాననీరు ఏ వైపునకు పారునో ఆలోచింతుము. కోడి విషయమున ఇంతటి శ్రద్ధ చూపము. ప్రొద్దుగ్రుంకగానే గంప క్రింద మూసి, పైన ఒక రాయి పెట్టి, నిశ్చింతగా నిద్రింతుము. కోడి చిన్నది గనుక దాని ఇల్లు కూడ చిన్న విషయమే యని మన తలంపు. కాని పది పెట్టలున్న ఇంట ఉప్పు, పప్పు, పిల్లల పలక పుస్తకములు ఆ గ్రుడ్లమీదనే జరుగుచుండునని మీకు మేము చెప్పనక్కరలేదు. అందువలన ఈనాడు కోళ్ళగూటి కిటికీలను గురించియు, గాలి సందులను గురించియు, కోళ్ళు రాత్రి వాలు అడ్డకర్రలను గురించియు కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

మొదట మా పొరపాటు నొకదానిని ఒప్పుకొనవలెను. పల్నాటిలో ఒక గ్రామమున ఒక వృద్ధురాలు 12 కోళ్ళను పెంచుచుండెను. ముంగిస వానిలో రెండింటిని చంపినదని మాతో మొరపెట్టుకొనగా, గూటి కన్నములన్నియు మూయుమని మేము సలహా ఇచ్చితిమి. ఆమె మా మాటను తు.చ. తప్పక పాటించెను. పైన రేకు కప్పు; నాలుగు ప్రక్కల మట్టిగోడ; చూరు క్రింది సందులలో గుడ్డపేలికలు. మే నెలలో ఒకనాడు తెల్లవారి తలుపు తీయగా పదింటిలో ఏడు చచ్చి పడియుండెను. మేము వెళ్ళినపుడు ఆమె మమ్ము నిందింపలేదు. "నాయనా, చీమ దూరే సందు లేకుండా మూశాను. ఇంక చావు ఏ దారిన వచ్చింది?" అని మాత్రము అడిగెను. ముంగిసను ఆపుటకు ఉపాయము చెప్పిన మేము, గాలిని ఆపవలదని చెప్పుట మరచితిమి. లోపము మాది, నష్టము ఆమెది.

ఆమె ప్రశ్నకు సమాధానము కోడి శరీరములోనే యున్నది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కాగా కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. మనకువలె దానికి చెమట పట్టదు. వేడి హెచ్చినపుడు నోరు తెరచి రొప్పును. ఆ శ్వాసతోపాటు ఆవిరి వెలుపలికి పోయి ఒళ్ళు చల్లబడును. కాని గూడు మూసియున్నచో ఆ ఆవిరి పోవుటకు చోటు లేక అచ్చటనే నిలుచును. గాలి తడితో నిండిన కొలది ఎంత రొప్పినను చలువ చేయదు. పైగా రెట్టనుండి పుట్టు అమోనియా ఘాటు కండ్లను, ఊపిరితిత్తులను బాధించును. పగలంతయు కాగిన మట్టిగోడలు రాత్రి చాలసేపటివరకు వేడిని లోనికి వదలుచుండును. చావు బయటినుండి రాలేదు. లోనిది బయటికి పోలేక వచ్చినది.

కావున గూడు కట్టునపుడు మొదట దిక్కు చూడవలెను. పొడవు తూర్పు పడమరలుగా ఉండవలెను. అట్లున్నచో ఉదయము, సాయంకాలము ఎండ పొట్టి గోడలకు మాత్రమే తగులును. ఆ రెండు గోడలను మూసి కట్టి, ఉత్తర దక్షిణముల పొడవు ప్రక్కలను కిటికీలకు విడువవలెను. 12 కోళ్ళకు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల గూడు చాలును; ఒక్కొక్క కోడికి 2 చదరపు అడుగుల చోటు వచ్చును. నేలకు 2 అడుగుల ఎత్తున రాతి స్తంభములపై నిలిపినచో వాననీరు చేరదు, పందికొక్కు త్రవ్వి దూరలేదు.

కిటికీని ప్రక్కగోడలో ఒక అడుగు ఎత్తువరకు పలకలతోగాని మట్టితోగాని మూసి, ఆపైన వల బిగింపవలెను. వల విషయమున జాగ్రత్త అవసరము. పెద్ద కన్నుల పలుచని వల కోడిని లోన ఉంచునే గాని శత్రువును బయట ఉంచలేదు. పిల్లి దానిలో పంజా దూర్చును. పందికొక్కు దానిని కొరుకును. అర అంగుళము కన్నులు గల గట్టి ఇనుపవలను చట్రమునకు దగ్గర దగ్గరగా మేకులతో బిగించినచో ముంగిస రాదు, గాలి ఆగదు. ఈ రెండును ఒకదానితో ఒకటి పోరాడునవి కావని ఆనాడు మేము చెప్పియుండవలసినది.

గాలి సందు కిటికీకంటె వేరు. వేడిగాలి తేలికయై పైకి లేచును. అది పోవు దారి పైననే ఉండవలెను. కనుక చూరునకు సరిగా దిగువన రెండు పొడవు ప్రక్కలను 6 అంగుళముల సందు విడిచి, దానికిని అదే వల కొట్టవలెను. ఈ సందును ఏ ఋతువునందును మూయరాదు. వానకాలమున జల్లు కొట్టునపుడు, చలికాలమున ఈదురుగాలి వీచునపుడు కిటికీకి గోనెపట్టా కట్టవచ్చును. కాని దానిని క్రిందినుండి పైకి కట్టి, పైన జానెడు విడువవలెను. మనము పైనుండి వ్రేలాడదీయుట వాడుక. అది తలక్రిందుల పని. చూరు 2, 3 అడుగులు ముందుకు వచ్చియున్నచో జల్లు, ఎండ రెండును లోనికి రావు. రేకు కప్పుపై తాటాకులు పరచి వేసవిలో నీళ్ళు చల్లుట మంచిది.

ఇక అడ్డకర్రల మాట. అడవికోడి చెట్టుకొమ్మపై నిద్రించును. మన ఇంటికోడికిని ఆ అలవాటు పోలేదు. అడ్డకర్ర లేనిచో రెట్టలో పండుకొనును, లేదా గ్రుడ్లపెట్టెలో దూరి దానిని పాడుచేయును. రెండు అంగుళముల వెడల్పు గల కొయ్యను, అంచులు గుండ్రముగా చిత్రిక పట్టి వాడవలెను. నున్నని గొట్టము కాలికి పట్టు ఈయదు. ఒక కోడికి 8 అంగుళముల లెక్కన 12 కోళ్ళకు 8 అడుగులు కావలెను. అనగా గూటి వెడల్పునకు సరిపోవు 4 అడుగుల కర్రలు రెండు. గోడకు, మొదటి కర్రకు నడుమ ఒక అడుగు. కర్రకు, కర్రకు నడుమ ఒక అడుగు. రెండును ఒకే ఎత్తున ఉండవలెను. ఒకటి పైన, ఒకటి క్రింద ఉన్నచో పైదానికై ప్రతి సాయంకాలమును కలహమే. రాజేంద్రనగరమున అభివృద్ధి చేసిన వనరాజా వంటి బరువైన జాతులకు ఒకటిన్నర అడుగు ఎత్తు చాలును. ఎక్కువ ఎత్తునుండి దూకిన అరికాళ్ళు దెబ్బతినును.

ఈ కర్రలను తూర్పు కొసన అమర్చుడు. పడమటి గోడ సాయంకాలపు ఎండకు కాగి రాత్రి వేడిని వదలును. గ్రుడ్లపెట్టెలు మూడు పడమటి కొసన, కర్రలకంటె తక్కువ ఎత్తున ఉంచవచ్చును. పెట్టలు చాలవరకు ఉదయముననే గ్రుడ్లు పెట్టును గదా. కర్రల క్రింది రెట్టను తరచుగా ఎత్తి ఎరువుకుప్పలో వేయుడు. కోడిని పీడించు కొన్ని పురుగులు పగలు కర్రల పగుళ్ళలో దాగి, రాత్రి రక్తము పీల్చును. కనుక కర్రలు ఊడదీయుటకు వీలుగా ఉండవలెను. వేపనూనె పూసి, గోడలకు సున్నము కొట్టవలెను.

గూడు సరిగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు యంత్రములు అక్కరలేదు. తెల్లవారుజామున తలుపు తీసి తల లోనికి వంచుడు. కండ్లు మండినచో గాలి చాలలేదు. కోళ్ళను బయటికి వదలిన పిమ్మట వెలిగించిన అగరువత్తిని ఊకకు, కసవునకు దూరముగా అడ్డకర్రల ఎత్తున పట్టుకొనుడు. పొగ పైసందు గుండ పోవుచున్న మంచిది. అచ్చటనే తిరుగుచున్న మార్గము మూసికొన్నదని అర్థము. ఎంత మంచి గాలి యున్నను కొక్కెర తెగులును అది ఆపలేదు. దానికి పశువైద్యశాలలో వేయు టీకాయే శరణ్యము.

ఆ పల్నాటి అవ్వ మిగిలిన మూడు కోళ్ళతో మరల ప్రారంభించెను. వల బిగించి, చూరు క్రింద సందు విడిచిన నాడు మా మాటను పూర్తిగా నమ్మలేదు. నమ్మవలసిన పనియు లేదు. మూడు రాత్రులు కర్ర పట్టుకొని గూటి ప్రక్కనే మంచము వేసికొని పండుకొనెను. ముంగిస వచ్చి వలను గోకి మరలిపోయినదట. నాలుగవ రాత్రి మంచము ఇంటిలోనికి చేర్చుకొనెను. మరుసటి వేసవిలో ఆమె గూటిలో 11 కోళ్ళుండెను. మే నెల గడచిన పిమ్మటను 11 ఉండెను.

నేడు మీరు ఇండ్లకు వెళ్ళిన పిమ్మట మీ గూటి చూరు క్రింద ఒకసారి చేయి పెట్టి చూడుడు. అచ్చట గుడ్డపేలిక యున్నచో ఈ రాత్రికే తీసివేసి, ఆ చోట వల కొట్టుడు. మా మనవి ఇంతమాత్రమే.