బిల్లు అడుగుటయు, వ్రాయుటయు
(కాచిగూడలో మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ప్రసంగము)



ధర్మశాస్త్రములను గూర్చి యేదైన ముచ్చటింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలచే శబ్దములు, ధాతువులు వల్లెవేయించిన వారము గాన, నాలుగు శ్లోకములు చదివి కూర్చుందుమని వారు తలచియుందురు. కాని నేటి ధర్మశాస్త్రము మా పుస్తకముల బీరువాలో లేదు. కాచిగూడ స్టేషను మొదలు చౌరస్తా వరకును, అటు నారాయణగూడ, చిక్కడపల్లి అంగళ్ల వరకును, మనవారి దుకాణములలో గల్లాపెట్టె ప్రక్కన అది యున్నది. దాని పేరు బిల్లు.

మొదట మా తప్పు చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట ఇంటిలో ఇన్వర్టరునకు బ్యాటరీ యొకటి కొంటిమి. అమ్మినవారు మన కులమువారే, మాకు దూరపు బంధువులు కూడను. పైకమిచ్చి బిల్లు అడుగబోగా వారు నవ్వి, "మాస్టారూ, బిల్లు రాస్తే పన్ను పడుతుంది. మనలో మనకు కాగితమెందుకండీ?" అనిరి. ఆ మాట మాకు తీయగా వినబడెను. ఎనిమిది నెలలకు బ్యాటరీ పనిచేయుట మానెను. కంపెనీవారు బిల్లు లేనిదే వారంటీ లేదనిరి. దుకాణమునకు పోగా, చూతమనిరి. రెండవమారు పోగా గుమాస్తాను చూపిరి. మూడవమారు, అది తమ కొట్టులో కొన్నదేనా యని మమ్మే అడిగిరి.

పోయిన సొమ్మునకు మేమంతగా చింతింపలేదు. అటు తరువాత ఒక పెండ్లిలో ఎదురుపడినపుడు వారొక పంక్తిలో, మేమొక పంక్తిలో కూర్చుంటిమి. ఆ చింత నేటికిని పోలేదు. వారినొక్కరినే నిందించుట న్యాయము కాదు. పన్ను మిగులునను ఆశ మాకును ఉండినది. సత్యము పలుకుమని పిల్లలకు చెప్పి పింఛను తినుచున్న వారమై యుండియు, ఆ కొద్ది రూపాయలకై నోరు మూసికొంటిమి.

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన సంగతి కాదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది. అమ్మిన సరుకునకు బిల్లు ఇయ్యకుండుటయే అనుచిత వ్యాపారమని అందు చెప్పబడినది. లోపమున్న సరుకును వాపసు పుచ్చుకొననని మొరాయించుటయు అట్టిదే. బిల్లులో గడువు వ్రాసియున్నచో ఆ గడువులోపల, లేనిచో 30 దినములలోపల, దానిని తిరిగి పుచ్చుకొనవలెను. "అమ్మిన సరుకు వాపసు లేదు" అని గోడమీద పెద్దయక్షరములతో వ్రాయించిన సోదరులకు, చెడిన సరుకు విషయమున ఆ బోర్డు అక్కరకు రాదు.

కొన్నవారు రెండేండ్లలోపల జిల్లా కమీషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే తమ మాట తాము చెప్పుకొనవచ్చును. ఎచటనో యున్న కంపెనీ నుండి ఫోనులో తెప్పించుకొన్న కుక్కరును గూర్చి కాచిగూడ గృహిణి హైదరాబాదులోనే ఫిర్యాదు వేయగలదు. ఇన్ని సౌకర్యములున్నను, కొన్నామనుటకు కాగితము చూపవలెను గదా! మాకు లేకపోయినది అదియే.

ఇక వర్తకుల పక్షము. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చినది. సాలుకు ఇంత అమ్మకము దాటినవారు నమోదు కావలెనను పరిమితిని 2019లో పెక్కు రాష్ట్రములు సరుకుల వర్తకులకు 20 లక్షల నుండి 40 లక్షలకు పెంచగా, మన తెలంగాణము 20 లక్షలయొద్దనే నిలిచినది. కావున విజయవాడలోని బావమరిది నమోదు లేక సాగించు వ్యాపారమును చూచి ఇచట అట్లే చేయరాదు. ప్రతి చిల్లర బేరమునకును బిల్లు వ్రాయుటెట్లని కొందరడుగుదురు. చట్టము అంత నిర్దయమైనది కాదు. 200 రూపాయలకు లోపలి అమ్మకమునకు, కొనువాడు నమోదు లేనివాడై బిల్లు అడుగనిచో, విడిగా వ్రాయనక్కరలేదు. కొట్టు కట్టునపుడు ఆ దినపు అట్టి అమ్మకములకెల్ల కలిపి ఒక్క బిల్లు వ్రాసికొనిన చాలును. మన తాతలు రోకడపుస్తకములో చేసినది దాదాపు ఇదియే. కాంపొజిషను పద్ధతిలో నున్నవారు మాత్రము పన్ను పేరిట కొనువారియొద్ద ఏమియు పుచ్చుకొనరాదు. ఆ సంగతి బిల్లుమీదనే కనబడవలెను. బిల్లు వర్తకునకు సంకెల యనుకొనుట పొరపాటు. వేరొక కొట్టులో కొన్న బ్యాటరీని తెచ్చి మీదేనని పేచీపెట్టు వానిని తిప్పిపంపునదియు అదియే.

బిల్లుమీది తూకము నిజమై యుండవలెను. ఇచట మా శాస్త్రమును కొంచెము తెచ్చుటకు అనుజ్ఞ వేడుచున్నాము. తూనికరాళ్లను ఆరు నెలలకొకమారు తిరిగి పరీక్షింపవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకను కఠినము. నాలుగు నెలలకొకమారు ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేనిచో ఇరువదియేడుంబావు పణముల దండన. కాచిన నేయి కొలిచి అమ్మువాడు ముప్పదిరెండవ వంతును, నూనె అమ్మువాడు అరువదినాలుగవ వంతును అదనముగా ఈయవలెనట. వేడికి పొంగిన ద్రవ్యము చల్లారిన పిదప తగ్గును గదా! ఆ తగ్గుదల కొనువానిమీద పడరాదని ఆయన లెక్క కట్టెను. 2009 నాటి తూనికల చట్టము క్రింద 2011లో వచ్చిన నియమముల ప్రకారము ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకమారు, రాళ్లకును సామాన్యపు తక్కెడకును రెండేండ్లకొకమారు ముద్ర చాలును. కౌటిల్యునికంటె నేటి ప్రభుత్వమే మెత్తనిది. అయినను ముద్ర గడువు దాటిన కాటాలు మనవారి కొట్లలో మేము కన్నులార చూచితిమి. మిఠాయిని అట్టపెట్టెతో కలిపి తూచువారు సయితము ఉన్నారు. పుచ్చుకొన్న సొమ్మునకు సరిపడు తూకము ఈయకుండుట ఆ చట్టమున నేరము. జీడిపప్పు బర్ఫీ ధరకు అట్టముక్కను అమ్ముట ఏ శాస్త్రమున కలదు?

దుకాణము లేనివారికిది పట్టదని మనలోని వైద్యులు తలపరాదు. రుసుము పుచ్చుకొని చేయు చికిత్స వినియోగదారుల చట్టమునకు లోబడినదేయని 1995 నవంబరులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. వకీళ్లకు మాత్రము అది వర్తింపదని 2024 మే 14న అదే న్యాయస్థానము తీర్పిచ్చినది. ఆనాడు మా వీథిలోని వకీలుగారి ముఖమున వెలిగిన కాంతిని మేము మరువజాలము. రోగి అడిగినచో చికిత్స కాగితములు 72 గంటలలోపల ఈయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమములు చెప్పుచున్నవి. అవియే రోగికి బిల్లు వంటివి. జాగ్రత్తగా వ్రాసియుంచినచో వైద్యునకును సాక్ష్యము.

మాకు బ్యాటరీ అమ్మినవారు ఈ సభలో నుండవచ్చును. ఉన్నచో భోజనమువేళ మా పంక్తిలో కూర్చుండవలెనని ప్రార్థించుచున్నాము. ఆ సొమ్ము మాట మేమెత్తము.

కడపట కోశాధికారిగారి విన్నపమొకటి. సభకు చందాలిచ్చినవారిలో కొందరు "మనవాళ్లకు రసీదెందుకు" అని పుస్తకమును వెనుకకు త్రోసిరట. ఆ రసీదులన్నియు వ్రాయబడి తలుపు ప్రక్కనున్న బల్లమీద సిద్ధముగా ఉన్నవి. ఎవరివి వారు తీసికొనవలెను. మా వేయిన్నూటపదహార్ల రసీదు మేము ఉదయముననే పుచ్చుకొంటిమి.