ఆఖరున తినే మనిషి

(ఆలంపూర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పౌష్టికాహారం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే అంగన్‌వాడీ గోడమీది బొమ్మలు గుర్తొస్తాయి. పాలు, గుడ్లు, పండ్లు, ఆకుకూరలు. “ఇవి తినండి” అని చెప్పి వచ్చేస్తాం. తెలియకనే వాళ్లు తినడం లేదన్న భావన అందులో ఉంది. ఈ రోజు దాన్ని పరీక్షించి చూద్దాం.

మూలసూత్రాలు కష్టమైనవేమీ కావు. గింజ శక్తినిస్తుంది. పప్పు, పాలు, గుడ్డు, మాంసం మాంసకృత్తులనిస్తాయి. ఆకుకూరలూ, పండ్లూ విటమిన్లనూ, ఖనిజాలనూ ఇస్తాయి. ఒకటి చేసే పని మరొకటి పూర్తిగా చేయలేదు.

మన దక్కన్ పేదల శరీరాలే దీనికి సాక్ష్యం. 1960 ప్రాంతంలో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు జొన్నలు ముఖ్యాహారంగా తినే పేదల్లో పెల్లాగ్రా జబ్బును పరిశీలించారు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చలిస్తుంది. నియాసిన్ అనే విటమిన్ లోపం దీనికి మూలం. అలాగని జొన్న చెడ్డది కాదు. రొట్టె పక్కన పప్పూ, పాలూ, మాంసమూ లేకపోవడమే చేటు చేసింది. పాతకాలపు తిండే మంచిదనేవాళ్లు ఈ చరిత్రను మరవకూడదు.

ఇక బియ్యం సంగతి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదలకు ఆసరా అయింది. దాన్ని తక్కువ చేయలేం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డుమీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. అందులో మాంసకృత్తులు సుమారు 15 గ్రాములు. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాములు కావాలని 2020 నాటి జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మిగతా 30 గ్రాములు ఎక్కడినుంచి రావాలి? పప్పు, గుడ్లు కొనాలి. కొనాలంటే కూలి గిట్టాలి. కాబట్టి ఇది కూలి రేట్ల సమస్య కూడా.

రెండోది ఇంటి లోపలి సమస్య. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో సుమారు 15 శాతమే. బహిష్టులో, కాన్పులో రక్తం పోతుంది గనుక స్త్రీకి ఇనుము ఎక్కువ కావాలి. పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాములైతే స్త్రీకి 29. కానీ మన ఇళ్లల్లో జరిగేదేమిటి? ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆఖరున ఆమె. అప్పటికి పప్పుగిన్నె ఖాళీ. అన్నమూ పచ్చిపులుసూ మిగులుతాయి. దీన్ని త్యాగమని పొగుడుతున్నాం.

భోజనంతోపాటు చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. ఇవి చెప్పవలసిందే. కానీ నడిగడ్డలో పత్తి విత్తన చేలకు క్రాసింగ్ పనికి తెల్లవారకముందే పోయే ఆడపిల్ల, చాయ్ ఒక్కటే తాగి వెళ్తుంటే ఈ సలహా ఆమెకు ఏం చేస్తుంది?

చట్టం ఏం చెబుతోందో కూడా చూడాలి. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకూ, ప్రసవమయ్యాక ఆరునెలల వరకు తల్లులకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్నీ, 6000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయాన్నీ హక్కుగా చెప్పింది. 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం ఒకపూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తామంది. అయితే మధ్యాహ్నం చేలో ఉన్న గర్భిణి కూలి వదులుకుని అంగన్‌వాడీకి ఎలా వస్తుంది? ఆమె దగ్గరకు భోజనం ఎలా చేర్చాలన్నది మనం అడగవలసిన ప్రశ్న.

ఒక పని చేద్దాం. ఒక్కొక్కరం పదేసి ఇళ్లకు వెళ్దాం. “ఏం వండారు?” అని కాదు, “ఎవరు ఎప్పుడు తిన్నారు? ఆఖరున తిన్న మనిషికి ఏం మిగిలింది?” అని అడిగి రాసుకుందాం. మన ఇంటిని కూడా అందులో కలుపుకుందాం. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు పట్టుకుని రండి.