మాట రాని బిడ్డ – తల్లిపై నింద



బిడ్డకు మూడేండ్లు నిండినవి. నడక వచ్చినది, చెవులు చక్కగా వినబడుచున్నవి. కాని పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడడు, పలుకడు. వసకొమ్ము అరగదీసి నాకించిరి, దిష్టి తీసిరి. తుదకు అందరి చూపును తల్లిపైకి మరలును. "గ్రహణమునాడు బయటకు వచ్చితివా? బిడ్డను వదలి మిరపకోతకు పోయితివా?" అని అడుగుదురు.

ఈ స్థితికి ఆటిజం అని పేరు. 1943లో బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. ఆ తరువాత పండితులు సైతము తల్లినే నిందించిరి. ఆమెకు ప్రేమ కొరవడుటయే కారణమని ఏండ్ల తరబడి బోధించిరి.

1977లో లండనులో ఫోల్‌స్టైన్, రట్టర్ అనువారు కవలలను పరిశీలించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో 4 జంటలయందు ఇద్దరికిని ఆటిజం కలదు. వేర్వేరు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్కదానియందును అట్లు లేదు. పెంపకమే కారణమైనచో ఇంత భేదముండదు గదా! అటుపిమ్మట అనేక జన్యువులకు దీనితో సంబంధము కలదని తేలినది. టీకాలపై అనుమానము రేపిన 1998 నాటి వ్యాసమును లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకొన్నది.

జన్యువులతోనే విషయము ముగియదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల నడుమ నివసించు మనము వినదగిన పరిశోధన ఒకటి కలదు. 2014లో కాలిఫోర్నియాలో వెలువడిన ఆ పరిశోధనలో, ఆర్గనోఫాస్ఫేటు జాతి పురుగుమందులు చల్లిన పొలములకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు లోపల నివసించిన గర్భిణుల బిడ్డలయందు ఆటిజం సంభావ్యత 60 శాతము హెచ్చుగా కనిపించినది. అయితే తల్లి దేహములో మందు ఎంత చేరెనో వారు కొలువలేదు. పొలములలో చల్లిన మందుల లెక్కలనుబట్టి అంచనా వేసిరి. కోడి కూసిన వేళ తెల్లవారును, కాని కూతవలన తెల్లవారదు. కనుక దీనిని రుజువైన కారణమనరాదు.

అయినను జాగ్రత్తకు రుజువు వచ్చువరకు ఆగనక్కరలేదు. పురుగుమందులు ఎవరికైనను హానికరములే. గర్భిణిని మందు కొట్టు చేనికి పంపరాదు. మందు కొట్టినవారి బట్టలు ఆమెచేత ఉతికింపరాదు. మందు కలిపిన బకెట్టు ఇంటిలో వాడరాదు. కూలికి పోవు ఇల్లాలు తానొక్కతెయే దీనిని పాటింపలేదు. ఇది భర్త బాధ్యత, చేను గల ఆసామి బాధ్యత.

బిడ్డ పిలుపునకు పలుకనిచో వసకొమ్ముతో కాలము గడపక వైద్యునికి చూపవలెను. తొలి యేండ్లలో ఆరంభించిన శిక్షణ మాటకును, నడవడికకును తోడ్పడును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. ఇంటి పెద్దలు తల్లిని నిందించుట మాని, ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లవలెను.